ఏడు ఎక్కడికి పోయింది?

"అంకెలు లెక్కపెట్టండి" అన్నారు మత్తు డాక్టరు.

ఆపరేషన్ బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. చేతికి పెట్టిన సూదిలోంచి పాలలాంటి తెల్లటి మందు ఎక్కుతోంది. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర మణికట్టు నుంచి మోచేతి దాకా సన్నటి మంట పాకింది. అయిదు. ఆరు. ఏడు అనబోయాను.

"అయిపోయిందండీ, కళ్ళు తెరవండి" అంటున్నారెవరో.

గోడ గడియారం రెండు గంటలు ముందుకు జరిగి ఉంది. నా పిత్తాశయం, దాంట్లో ఏళ్ళ తరబడి పెరిగిన రాళ్ళు ఒంట్లోంచి వెళ్ళిపోయాయి. అది నిద్ర కాదు. నిద్రలోంచి లేస్తే ఎంతో కొంతసేపు గడిచిందన్న జాడ ఉంటుంది. చెదిరిన కలో, తిమ్మిరెక్కిన చెయ్యో, పక్కమీద ముడతలో ఆ సంగతి చెబుతాయి. ఇక్కడ అలాంటి జాడ ఏదీ లేదు. ఆరు అన్న నా మాటకూ, కళ్ళు తెరవమన్న మాటకూ మధ్య కాలమే లేదు. సినిమా రీల్లో రెండు గంటల ముక్క కత్తిరించి కొసలు అతికించినట్టు ఉంది.

ఇంటికొచ్చి కుట్లు మానిపోయాక కూడా ఆ ఏడు నన్ను వదల్లేదు. నేను అనలేకపోయిన ఏడు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. ఏడు ఉంది, ఎనిమిది ఉంది, కోటి ఉంది, కోటి తర్వాత ఇంకొకటి ఉంది. అంకెల వరస ఎవరి కోసమూ ఆగదు. ఆగింది నేను. అంతం లేనిదాన్ని లెక్కపెడుతుండగా లెక్కపెట్టేవాడే లేకుండా పోయాడు. రెండు గంటల తర్వాత వాడు ఎక్కడి నుంచి తిరిగి వచ్చాడు? అసలు మొట్టమొదటిసారి ఈ భూమ్మీదికి ఎప్పుడు వచ్చాడు?

ఆ బల్ల మీద నాకు అనంతమూ ఎరుకా పక్కపక్కనే కనిపించాయి. ఆ రెండింటికీ ఒక పోలిక ఉంది. ఏ టెలిస్కోపూ ఇంతవరకు అనంతాన్ని చూపించలేదు. మనకు కనిపించే విశ్వంలో ఉన్న పరమాణువులన్నీ కలిపినా 1 పక్కన 80 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యకు అటూ ఇటూగా ఉంటాయని అంచనా. అది ఊహకు అందనంత పెద్దదే, అయినా అంతు ఉన్నదే. అలాగే ఏ మైక్రోస్కోపూ ఎరుకను చూపించలేదు. మెదడును ఎంత సన్నగా కోసినా కణాలు కనిపిస్తాయి, వాటి మధ్య మెరిసే విద్యుత్తు తెలుస్తుంది, "నేను" మాత్రం కనిపించదు. అయినా ఈ రెండూ ఉన్నాయని ఒకటో తరగతి పిల్లకు కూడా తెలుసు. ఆ పిల్లకు అది లోపలి నుంచి తెలుసు.

అఫ్జల్‌గంజ్‌లో ఊపిరి లెక్కలు

మనిషిని కావాలని తెలివి తప్పించి, ఆపరేషన్ చేసి, మళ్ళీ తెలివిలోకి తెచ్చే విద్య ప్రపంచమంతటికీ తెలిసి ఇంకా 200 ఏళ్ళు కాలేదు. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో విలియం మార్టన్ అనే పళ్ళ డాక్టరు అందరి ముందూ ఒక రోగికి ఈథర్ పీల్పించాడు. సర్జన్ అతని మెడ మీది కణితి మీద కత్తి పెట్టినా రోగి కేక పెట్టలేదు. మరుసటి ఏడాదే క్లోరోఫాం వచ్చింది. దాంతోపాటు ఒక భయమూ వచ్చింది. క్లోరోఫాం పీల్చినవాళ్ళలో కొందరు బల్ల మీదే చనిపోయేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? డాక్టరు కన్ను దేని మీద ఉండాలి?

ఈ తగువు తేల్చడానికి పెద్ద ప్రయత్నం జరిగింది మన హైదరాబాద్‌లో. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చారు. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనుకున్నారు. 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లండన్ వైద్య పత్రిక లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ ఓడెక్కి వచ్చారు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని, నాడి పట్టుకుని కూర్చోకుండా ఊపిరిని కనిపెట్టుకుని ఉండమని చెప్పారు. ఆ తీర్పులో సగమే నిజమని తర్వాత బయటపడింది. క్లోరోఫాం తక్కువ మోతాదులో ఉన్నప్పుడే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లుల మీద చూపించాడు. అయినా ఊపిరిని చూడమన్న మాట ఎందరి ప్రాణాలనో కాపాడి ఉంటుంది. ఆ రోజుల్లోనే హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి వైపు వెళ్ళినప్పుడల్లా నాకు ఆవిడ గుర్తొస్తారు. ఎదుటి మనిషి ఎరుకను చేతిలో పట్టుకుని, మళ్ళీ భద్రంగా అప్పగించడం ఎంత పెద్ద పని!

గుండె, ఊపిరి, ఈ రెండింటి గురించే అప్పటి గొడవంతా. మూడోది ఒకటి ఆగుతోందని అందరికీ తెలుసు, దాన్ని ఆపడానికే కదా మందు. కానీ అది ఎలా ఆగుతుందన్నది అడగడానికి వాళ్ళ దగ్గర సాధనాలు లేవు.

ఆ మూడోదానికి తెలుగులో ఎన్ని పేర్లో! తెలంగాణలో "ఎరుకేనా?" అంటే తెలుసా అని. ఒంటి మీద స్పృహ లేకపోతే "సోయి లేదు" అంటారు. కోస్తాలో పడిపోయిన మనిషికి "తెలివి తప్పింది", నీళ్ళు చల్లితే "తెలివొచ్చింది". బుద్ధికీ మెలకువకూ ఒకే మాట చాలనుకున్నారు మనవాళ్ళు. ఇంకో మాట ఉంది, నన్ను చాలాకాలంగా వేధిస్తున్న మాట. ఒక సంగతి అర్థం కాకపోతే "అంతు చిక్కలేదు" అంటాం. అంటే దాని కొస చేతికి దొరకలేదని. తెలుసుకోవడమంటే కొస పట్టుకోవడమే అన్నమాట మన లెక్కలో. మరి కొసే లేనిదాన్ని ఎలా తెలుసుకోవాలి?

మా నాన్నగారి హాజరుపట్టీ

మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఏ పెళ్ళికి తీసుకెళ్ళినా భోజనాల బంతి దగ్గర నాకు ఒక పాఠం తప్పేది కాదు. "వచ్చినవాళ్ళనీ, విస్తళ్ళనీ విడివిడిగా లెక్కపెట్టక్కర్లేదురా. ఒక్కో విస్తరి ముందు ఒక్కో మనిషి కూర్చున్నాక ఖాళీ విస్తరి మిగలకూడదు, నిలబడ్డ మనిషి మిగలకూడదు. అప్పుడు రెండూ సమానం. ఎంతమందో తెలియకపోయినా సమానమని తెలుస్తుంది, చూశావా?"

జర్మనీలోని హాలె పట్నంలో 1870ల్లో గేయోర్గ్ కాంటర్ అనంతాన్ని కొలిచింది సరిగ్గా ఈ బంతి లెక్కతోనే. అంతులేని బంతి ఒకటి ఊహించండి. విస్తళ్ళకు 1, 2, 3 అని నంబర్లున్నాయి. భోజనానికి సరి సంఖ్యలు మాత్రమే వచ్చాయి. 1వ విస్తరి ముందు 2 కూర్చుంది, 2వ విస్తరి ముందు 4, 3వ విస్తరి ముందు 6. ఎక్కడా ఖాళీ విస్తరి లేదు. అంటే సరి సంఖ్యలు ఎన్నో, మొత్తం సంఖ్యలూ అన్నే! సగం మొత్తానికి సమానమైంది. వర్గ సంఖ్యల విషయంలో ఈ వింతను గెలీలియో 1638లోనే గమనించాడు, అనంతం విషయంలో ఎక్కువ తక్కువలు మాట్లాడకూడదని వదిలేశాడు. కాంటర్ వదల్లేదు. సగం మొత్తానికి సమానం కావడమే అనంతం లక్షణమని పట్టుకుని ముందుకెళ్ళాడు.

అయితే అనంతాలన్నీ సమానమేనా? దీనికి 1891లో ఆయన చెప్పిన రుజువును నేను మా నాన్నగారి హాజరుపట్టీలో చూస్తాను. నెలాఖరు ఆదివారాల్లో ఆ పట్టీలో మొత్తాలు వేయడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఒక్కో అడ్డ వరస ఒక్కో విద్యార్థిది, ఒక్కో నిలువు గడి ఒక్కో రోజుది. గడిలో హాజరు, లేదా గైర్హాజరు. ఇప్పుడు పట్టీకి అంతులేదనుకోండి. విద్యార్థులు అనంతం, రోజులూ అనంతం. బడికి రావడంలో, మానడంలో ఎన్ని తీరులు ఊహించగలమో అవన్నీ ఈ పట్టీలో ఎవరో ఒకరి పేర ఉన్నాయని ఒకాయన పందెం కాశాడు.

కాంటర్ ఒక కొత్త పిల్లవాణ్ణి పిలిచాడు. మొదటి విద్యార్థి మొదటి రోజు వచ్చి ఉంటే వీడు ఆ రోజు రాడు. రెండో విద్యార్థి రెండో రోజు రాకపోయి ఉంటే వీడు వస్తాడు. మూడోవాడి మూడో రోజుకూ అంతే, తలకిందులు. అలా పట్టీలో ఐమూలగా దిగుతూ పోయాడు. ఈ పిల్లవాడి హాజరు పట్టీలో ఎవరితోనూ కలవదు, ప్రతి ఒక్కరితోనూ కనీసం ఒక్క రోజు తేడా ఉంటుంది. అనంతమైన పట్టీలో కూడా వీడి పేరు లేదు. పోనీ వీణ్ణి చేర్చుకుంటే? ఆ కొత్త పట్టీలోంచి ఇంకొకడు పుట్టుకొస్తాడు. అంటే 1, 2, 3 అని వరసపెట్టి పిలవగల అనంతం కన్నా పెద్ద అనంతం ఒకటుంది. దాని కన్నా పెద్దదీ ఉంది.

ఈ ఆలోచన పూర్వం ఎవరికీ రాలేదనుకోవడం పొరపాటు. సూర్యప్రజ్ఞప్తి వంటి గ్రంథాల్లో జైనులు సంఖ్యలను సంఖ్యేయం, అసంఖ్యేయం, అనంతం అని విడదీసి, అనంతంలోనూ రకాలు చెప్పారు. వాళ్ళకు రుజువు లేదు, చూపు ఉంది. అదే జైన సంప్రదాయంలో 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు సున్నాతో భాగిస్తే సంఖ్య మారదని పొరబడ్డాడు. ఆయన గణితసార సంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు, మన భాషలో తొలి గణిత గ్రంథంగా చెప్పుకునేది అదే. తర్వాత 1150లో భాస్కరాచార్యుడు బీజగణితంలో సున్నా హారంగా ఉన్న రాశికి ఖహరం అని పేరు పెట్టి, దానికి ఏం కలిపినా ఏం తీసినా మార్పు రాదన్నాడు. సృష్టిలో లోకాలు బయటికొచ్చినా ప్రళయంలో లోపలికెళ్ళినా మారని అచ్యుతుడితో దాన్ని పోల్చాడు. లెక్కల పుస్తకంలో దేవుడి మాట రావడం ఆయనకు అసహజంగా అనిపించలేదు, నాకూ అనిపించదు.

కాంటర్‌కు బతుకు సుఖంగా సాగలేదు. బెర్లిన్‌లో పలుకుబడి ఉన్న క్రోనెకర్ ఆయన పనిని కాదన్నాడు. మనోవ్యాధి పదే పదే వచ్చింది. 1918 జనవరి 6న హాలెలోని ఒక మానసిక చికిత్సాలయంలోనే ఆయన కన్నుమూశాడు. అనంతం గురించి ఆలోచించడం వల్లే ఆయనకు పిచ్చెక్కిందని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కథ నాకు నచ్చదు. జబ్బు జబ్బే. ఆ జబ్బుతో పోరాడుతూ కూడా అంత స్పష్టంగా ఆలోచించిన మనిషాయన.

కాలేజీలో ఈ రుజువు నేర్చుకుని, సెలవులకు వచ్చినప్పుడు నాన్నగారికి చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు: "ఆ పట్టీలో మాస్టారి పేరు కూడా ఉండదు కదరా."

అప్పుడు నవ్వాను. ఆపరేషన్ బల్ల దిగాక గానీ ఆ మాట లోతు తెలియలేదు. పరమానందయ్య శిష్యుల కథ తెలియని తెలుగువాళ్ళు ఉండరు. ఏరు దాటి ఒడ్డుకొచ్చి లెక్కపెట్టుకుంటే ఒకడు తగ్గాడు. ఎవరు లెక్కపెట్టినా ఒకడు తగ్గుతూనే ఉన్నాడు, ఎందుకంటే లెక్కపెట్టేవాడు తనను వదిలేస్తున్నాడు. పిల్లల కథగా నవ్వుకునే ఈ సంగతినే అద్వైతులు పదిమంది ప్రయాణికుల కథగా ఎంతో గంభీరంగా తీసుకున్నారు. విద్యారణ్యుల పంచదశిలో పదోవాడి మీద పెద్ద చర్చే ఉంది. పదోవాడు ఏట్లో కొట్టుకుపోలేదు. వెతుకుతున్నవాడే పదోవాడు.

కాంటర్ పట్టీకి అందని పిల్లవాడు, పట్టీలో పేరు లేని మాస్టారు, లెక్కకు రాని పదోవాడు, ఈ ముగ్గురూ ఒకరేనని నేను అనను. అది పోలికే గానీ రుజువు కాదు. మెదడులోని ప్రతి కణాన్నీ ప్రతి మెరుపునూ రాసుకున్న పట్టీ ఒకటి తయారైతే, అందులో "నేను" ఉంటానా, ఉండనా? ఈ ప్రశ్న ముందు ఎలా నిలబడాలో మాత్రం నాకు వాళ్ళ ముగ్గురి వల్లే తెలిసింది.

లెక్క కాదు, అల్లిక

మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. వాటిలో 6,900 కోట్ల దాకా తల వెనక కింది భాగంలో, చిన్నమెదడులో ఉంటాయి. పుట్టుకతోనే చిన్నమెదడు లేని 24 ఏళ్ళ చైనా యువతి గురించి 2014లో వైద్యులు రాశారు. ఆమె నడక తూలుతుంది, మాట కాస్త తడబడుతుంది. కానీ ఆమెకు ఎరుక ఉంది, భర్త ఉన్నాడు, బిడ్డ ఉంది. ప్రతి అయిదు కణాల్లో నాలుగు పోయినా లోపలి మనిషి పోలేదు! మిగిలిన కణాల్లో, ముఖ్యంగా పై పొరలోని 1,600 కోట్లలో ఏదో ఉంది. అది రాశిలో లేదు, అల్లికలో ఉంది.

ఇటలీలోని మిలాన్‌కు చెందిన మార్చెల్లో మాసిమీని ఈ అల్లికను తట్టి చూశాడు. పుర్రె బయట నుంచి అయస్కాంత తరంగంతో మెదడులో ఒక చోటును చిన్నగా కదిలించి, ఆ కదలిక ఎటు పోతుందో కనిపెట్టాడు. ఊళ్ళో ఒక ఇంట్లో ఒక కబురు చెప్పామనుకోండి. ఊరు మేలుకుని ఉంటే కబురు ఇల్లిల్లూ తిరుగుతుంది, ఒక్కో ఇల్లు తన మాట కలుపుతుంది, కాసేపటికి ఎక్కడెక్కడో తలుపులు తెరుచుకుంటాయి. మెలకువగా ఉన్న మెదడు అలాగే పలికింది. కలల్లేని గాఢనిద్రలో కబురు చెప్పిన ఇంట్లోనే ఉండిపోయింది. ఇళ్ళు అన్నే ఉన్నాయి, దీపాలూ వెలుగుతున్నాయి, ఒకరి మాట ఒకరికి చేరడం లేదు. నాకు ఆరు దగ్గర జరిగింది కూడా ఇలాంటిదే. ఆ తెల్లటి మందు పేరు ప్రోపోఫాల్. కణాలను నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ప్రభావాన్ని అది పెంచుతుంది. ఇళ్ళ మధ్య మాటలు తెగిపోతాయి. నేనంటే ఆ మాటలేనా? కనీసం అవి లేకుండా నేను లేను.

అంతవరకు తెలిసింది. ఆ పైన తెలియనిది కొండంత ఉంది. మాట ఇల్లిల్లూ తిరిగితే ఊరికి "నేను ఊరిని" అని ఎందుకు అనిపించాలి? 1994లో అమెరికాలోని టూసాన్‌లో డేవిడ్ చామర్స్ అనే యువ తత్వవేత్త దీన్నే కఠిన సమస్య అన్నాడు. మెదడు చూపును ఎలా విడదీస్తుంది, మాటను ఎలా కూర్చుతుంది అన్నవి కష్టమైనా ఎప్పటికో తేలే ప్రశ్నలు. ఎర్రటి మందారాన్ని చూస్తే లోపల కలిగే ఆ ఎర్రదనం ఎందుకుండాలి అన్నది వేరే జాతి ప్రశ్న. 1998లో నాడీశాస్త్రవేత్త క్రిస్టాఫ్ కాఖ్ ఆయనతో ఒక పెట్టె వైన్ పందెం కాశాడు. 25 ఏళ్ళలో మెదడులో ఎరుక తాలూకు గుర్తు స్పష్టంగా దొరుకుతుందని. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో వేదికెక్కి ఓటమి ఒప్పుకుని సీసాలు అప్పగించాడు. రెండు ప్రధాన సిద్ధాంతాలను ముఖాముఖి నిలబెట్టి 256 మంది మీద చేసిన పరీక్షల ఫలితాలు 2025లో నేచర్ పత్రికలో వచ్చాయి. ఏ సిద్ధాంతమూ పూర్తిగా నెగ్గలేదు. ఎదుటివాడి పరీక్షకు ముందే ఒప్పుకుని, ఫలితాన్ని అందరి ముందూ పెట్టిన ఆ శాస్త్రవేత్తల నిజాయతీకి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

ఇక్కడ అనంతం నాకు ఒక విషయంలో దారి చూపింది. మూడు కన్నా కోటి అనంతానికి దగ్గరనిపిస్తుంది. కాదు. కోటిని కోటితో గుణించినా అనంతానికి మూడు ఎంత దూరమో అదీ అంతే దూరం. కుప్ప పోస్తే అనంతం రాదు. మరి ఆరేళ్ళ పిల్లకు అనంతం ఎలా తెలిసింది? "ఇంకొకటి" అన్న మాట వల్ల. ఏ సంఖ్యకైనా ఇంకొకటి కలపవచ్చన్న చిన్న నియమం చాలు. అది నాలుగక్షరాల మాట, దాన్లో అంతులేని వరస మొత్తం ముడుచుకుని ఉంది. కొస చేతికి చిక్కకుండానే తెలుసుకోవచ్చు.

కిలోన్నర కూడా లేని మెదడు అనంతాన్ని ఎలా పడుతుంది, కాబట్టి ఎరుక బయటి నుంచే వచ్చి ఉండాలి అని వాదించేవాళ్ళకు నేను ఈ మాటే చెబుతాను. పరిమితమైనదానిలో అనంతం పట్టదన్నది నిజం కాదు, నియమంగా పడుతుంది. అలాగని ఎరుక వట్టి భ్రమ, ఉన్నవి కణాలే అనేవాళ్ళ పక్కనా కూర్చోలేను. భ్రమపడటానికైనా ఒకరుండాలి కదా.

మొదటి ఎరుక

ఇజ్రాయెల్‌కు చెందిన సిమోనా గిన్స్‌బర్గ్, ఎవా యాబ్లోంకా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2019లో వెలువరించిన పుస్తకంలో ఈ "ఇంకొకటి"ని నేను ఎదురుచూడని చోట చూశాను. ప్రాణుల్లో ఎరుక ఎప్పుడు పుట్టిందన్నది వాళ్ళ ప్రశ్న. వాళ్ళు వెతికిన గుర్తు నేర్చుకోవడం. ముట్టుకుంటే ముడుచుకుపోయే సముద్రపు నత్త కూడా కొంత నేర్చుకుంటుంది. తాకిడి మామూలేనని తెలిస్తే ముడుచుకోవడం మానేస్తుంది. అది పరిమితమైన చదువు. కానీ కొన్ని ప్రాణులు ఇదివరకెన్నడూ చూడని రంగు, వాసన, ఆకారం కలిసి వచ్చినా ఆ కలయికను గుర్తుపెట్టుకుంటాయి. నేర్చుకున్నదాని మీద ఇంకోటి నేర్చుకుంటాయి. ఆ చదువుకు పై హద్దు లేదు. ఎప్పుడూ ఇంకొకటి ఉంటుంది. అపరిమితంగా నేర్చుకోగల ప్రాణి ఏదైనా ఉంటే, అందులో ఎరుక అప్పటికే ఉందనడానికి అది గుర్తు అన్నది వాళ్ళ ప్రతిపాదన. ఆ గుర్తు భూమ్మీద మొదట కనిపించిన కాలం దాదాపు 54 కోట్ల ఏళ్ళ కిందటి కేంబ్రియన్ యుగం అని వాళ్ళ అంచనా. కళ్ళూ కాళ్ళూ ఉన్న జంతువులు సముద్రంలో ఒక్కసారిగా పెరిగిన కాలం అది.

ఇది తేలిపోయిన విషయం కాదు. ఎరుక పుట్టిన చోట గీత గీయవచ్చా, తెల్లవారుజాములా మెల్లమెల్లగా వెలుగొచ్చిందా అన్న వాదం సాగుతూనే ఉంది. అది ఎందుకు పుట్టిందన్న చామర్స్ ప్రశ్నకు ఇది జవాబూ కాదు. అయినా నాకు ఈ ప్రతిపాదన మీద గురి కుదిరింది. అనంతానికి తలుపు తెరుచుకున్న చోటే ఎరుకను వెతకమంటోంది.

అలా వెతికితే ఆ ఎరుక మన ఒక్కళ్ళ సొత్తు కాదని తెలుస్తుంది. తేనెటీగ మెదడులో పది లక్షల కణాలకు మించి ఉండవు. సున్నా ఒకటి కన్నా తక్కువని తేనెటీగలు నేర్చుకోగలవని 2018లో ఒక ప్రయోగం చూపించింది. మహావీరాచార్యుణ్ణి తికమకపెట్టిన సున్నా! బంబుల్ తేనెటీగలు తిండి ఆశ ఏమీ లేకుండానే చిన్న చెక్క బంతులను దొర్లిస్తూ ఉంటాయని 2022లో రాశారు. దాన్ని ఆట అనక ఏమనాలి? ఆక్టోపస్‌కు 50 కోట్ల నాడీకణాలు, వాటిలో మూడింట రెండు వంతులు చేతుల్లోనే. ఎరుక అక్కడ ఒక్కటేనా, తొమ్మిదా?

2024 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తలు, తత్వవేత్తలు కలిసి ఒక ప్రకటన చేశారు. వెన్నెముక ఉన్న ప్రాణులన్నిటిలో, ఆక్టోపస్‌లలో, కీటకాల్లో, పీతలూ రొయ్యల జాతిలో ఎరుక ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని. రొయ్యల మాట దగ్గర నేను ఆగాను. మన కోస్తా బతుకులో రొయ్య ఎంత భాగమో చెప్పక్కర్లేదు. హేచరీల్లో తల్లి రొయ్య త్వరగా గుడ్లకు రావడానికి ఒక కంటి కాడను నలిపేసే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఆ ప్రాణికి లోపల ఏమీ తెలియదన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ ఆ పని సాగింది. ఆ ధైర్యం నాకు ఇప్పుడు లేదు.

వింటున్నారా

నాన్నగారు పోయే ముందు పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నారు. మెదడులో రక్తనాళం చిట్లింది. కళ్ళు తెరవలేదు, చెయ్యి పట్టుకుంటే వేళ్ళు కదపలేదు. రోజుకు రెండుసార్లు, పది నిమిషాలు లోపలికి వదిలేవారు. మొదటి రోజుల్లో మాట్లాడాను. తర్వాత అక్కడి ఆయా జాలిపడి "ఏం తెల్వదు సారూ, సోయి లేదు" అంది. ఆ తర్వాత నేను మాట్లాడటం తగ్గించాను. చివరి మూడు రోజులు అసలు మాట్లాడలేదు. పక్కన నిలబడి మానిటర్ మీది గీతలు చూసి వచ్చేసేవాణ్ణి.

2006లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్ ఓవెన్ బృందం చేసిన పరీక్ష గురించి నాకు అప్పుడు తెలియదు. కారు ప్రమాదం తర్వాత నెలల తరబడి ఏ స్పందనా లేకుండా పడి ఉన్న 23 ఏళ్ళ యువతిని స్కానర్‌లో పడుకోబెట్టి "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో" అన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కదలికను ఊహించినప్పుడు వెలిగే చోటే ఆమె మెదడులోనూ వెలిగింది. "మీ ఇంట్లో గదులన్నీ తిరుగుతున్నట్టు ఊహించుకో" అంటే ఇంకోచోట వెలిగింది. ఆమె వింటోంది. 2024లో ఇంకా పెద్ద అధ్యయనం వచ్చింది. పిలిస్తే పలకని, చెప్పింది చెయ్యని 241 మందిని పరీక్షిస్తే 60 మంది మెదళ్ళు చెప్పిన మాటను అనుసరించాయి. నలుగురిలో ఒకరు.

ఆ సంఖ్య చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్నగారు ఆ ఒకరా, మిగతా ముగ్గురిలోనా? తెలుసుకునే దారి ఇప్పుడు లేదు. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరైనా అలాంటి మంచం పక్కన నిలబడాల్సి వస్తే, మాట్లాడండి. ఇంటి సంగతులు చెప్పండి. పేరు పెట్టి పిలవండి. హాజరుపట్టీలో గైర్హాజరు అని రాసి ఉన్నంత మాత్రాన బడికి రాలేదని కాదు.

మా మనవరాలికి ఆరేళ్ళు నిండాయి. రాత్రి నా పక్కనే పడుకుంటుంది. మొన్న దీపం ఆర్పాక అడిగింది:

"తాతయ్యా, అన్నిటికన్నా పెద్ద అంకె ఏది?"

"నువ్వే చెప్పు."

"కోటి."

"కోటికి ఇంకొకటి కలిపితే?"

కాసేపు చీకట్లో చప్పుడు లేదు. "అంటే అది అయిపోదా?"

"అయిపోదమ్మా."

"మరి అన్నీ ఎవరు లెక్కపెడతారు?"

నా దగ్గర జవాబు లేదు. నువ్వు మొదలుపెట్టు అన్నాను. ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఇరవై దాకా హుషారుగా, ముప్ఫై దాటాక మెల్లగా. ఒక అంకెకూ ఇంకో అంకెకూ మధ్య ఊపిరి పొడుగవుతోంది. నలభై ఒకటి. నలభై రెండు. నలభై... మూడు. చెవి రిక్కించి విన్నాను. ఆ గీత ఎక్కడ దాటిందో పట్టుకోవాలని. ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఎక్కడ ఆగిందో పొద్దున దానికీ తెలియదు.

"నలభై నాలుగు" అన్నాను, మెల్లగా.